పిచ్చుకల లెక్క, 4వ పాఠం: చీటీలు తీద్దాం

పోయిన మూడు పాఠాల్లో లెక్కపెట్టడం నేర్చుకున్నాం. పూర్ణా మార్కెట్ వెనక సందుల్లో పొద్దున్నే నిలబడి, అరగంటలో కనబడిన పిచ్చుకలన్నీ నోట్‌బుక్‌లో రాశాం. పెంకుటిళ్ళ సందులో ఎక్కువ, అపార్ట్‌మెంట్లు లేచిన సందులో తక్కువ. ఎందుకు? గూడు కట్టడానికి కంతలు లేకా, గింజలు దొరక్కా? ఎన్నేళ్ళు లెక్కపెట్టినా ఇది తేలదు, ఎందుకంటే పాత ఇల్లు పడగొట్టగానే ఆ రెండూ ఒకేసారి పోతాయి. ఏదో ఒకటి మనమే మార్చి చూడాలి.

కెనడాలోని యూకాన్‌లో చార్లెస్ క్రెబ్స్ అనే జీవావరణ శాస్త్రవేత్త బృందం 1986 నుంచి 1994 దాకా కుందేళ్ళ మీద చేసింది ఇదే. చదరపు కిలోమీటరు చొప్పున అడవి ముక్కలు తీసుకుని కొన్నిచోట్ల మేత వేశారు, ఒకచోట వేటాడే జంతువులు రాకుండా కరెంటు కంచె కట్టారు, ఇంకోచోట రెండూ చేశారు. ఏమీ చేయని చోటుతో పోలిస్తే కుందేళ్ళు మేతతో సుమారు 3 రెట్లు, కంచెతో 2 రెట్లు, రెండూ కలిస్తే ఏకంగా 11 రెట్లు! ఊరికే చూస్తూ కూర్చుంటే ఇది ఎప్పటికి తెలిసేను?

మనకి 12 ఇళ్ళు చాలు. మూడిళ్ళకి వరికంకుల కుచ్చు, మూడిళ్ళకి చెక్క గూడు (కంత 32 మిల్లీమీటర్లు), మూడిళ్ళకి రెండూ, మూడిళ్ళకి ఏమీ వద్దు. ఏ ఇంటికి ఏది అన్నది మాత్రం చీటీలు వేసి తీయండి. మొదటిసారి నేను కిచకిచలు వినబడే ఇళ్ళకే గూళ్ళు కట్టేశాను, అవి నిండితే సంబరపడ్డాను. ఆ ఏడాది లెక్కంతా దండగైపోయింది, పిచ్చుకలు ముందునుంచీ అక్కడివే కదా!

ఏమీ పెట్టని ఇంటి మామ్మగారు "మా ఇంటికేం తక్కువ బాబూ?" అని అడుగుతారు. పోల్చి చూడడానికి ఆ ఇల్లే ఆధారమని ఓపిగ్గా చెప్పండి, సీజన్ అయ్యాక వాళ్ళకీ గూడు కట్టండి.

ఇంకో మాట. కుచ్చు దగ్గర పది పిచ్చుకలు వాలితే సంఖ్య పెరిగిందనుకోకండి, పక్క సందువి తినడానికొచ్చి ఉండొచ్చు. అందుకే 12 ఇళ్ళలోనూ, గోడ కంతలతో సహా, గూట్లోంచి ఎగిరిన పిల్లల్ని రాయాలి. గుడ్డులోంచి వచ్చాక రెండు వారాలకి ఎగిరిపోతాయి, కాబట్టి రెండు రోజులకోసారైనా వెళ్ళాలి.

ఈ వారం ఏమీ కట్టకండి. 12 ఇళ్ళ దగ్గరా ఇప్పుడు ఎన్నున్నాయో రాసుకుని రండి.