వేసవి కారు ప్రయాణంలో వైన్ సీసాలు పాడవకుండా

వేసవిలో కారులో బయలుదేరి, కొండదారుల్లో నడక, గుడారంలో బస, మధ్యలో వైనరీల (వైన్ తయారుచేసే చోట్ల) సందర్శన పెట్టుకునేవారు నడకను ఉదయమే ముగించి, వైనరీని ఆ రోజు చివరి మజిలీగా ఉంచుకోవడం మంచిది. ఎందుకంటే కొన్న సీసాలను ఎండలో నిలిపిన కారులో వదిలి కొండెక్కితే, 50 డిగ్రీలు దాటగల ఆ వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, మూతి చుట్టూ జిగట చెమ్మ కనిపిస్తుంది, రుచి ఉడికించిన పండ్లలా మారిపోతుంది. డిక్కీ కంటే ఏసీ గాలి తగిలే వెనుక సీటు కాళ్ల దగ్గరి చోటు నయం. స్లీపింగ్ బ్యాగులో చుడితే సీసా చల్లదనం మరికొంతసేపు నిలుస్తుంది, పగిలే భయమూ తగ్గుతుంది. వైనరీలో వైన్ రుచి చూడటం మాత్రం బండి నడపనివారి పని; పుక్కిలించి ఉమ్మినా కొంత మద్యం ఒంట్లోకి చేరుతుంది కనుక, నడిపేవారి వాటా గుడారం వేశాకే తెరవాలి.