కార్బురేటర్ల బ్యాలెన్స్ చూసే పరికరం ఇంట్లోనే ఎలా చేసుకోవాలి?

రెండు సిలిండర్లకు రెండు కార్బురేటర్లున్న బైకులో రెండు థ్రాటిళ్లూ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపులు) ఒకేలా తెరుచుకోవాలి. ఒకటి వెంట్రుకవాసి ఎక్కువ తెరుచుకున్నా బండి ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, వణుకుతుంది. దీన్ని సరిచేయడానికి డయల్ గేజీలు దొరుకుతాయి కానీ, రెండు గేజీల్లో ఒకటి తేడా చూపిస్తే మనం ఆ తేడాకే ట్యూన్ చేసి కూర్చుంటాం. మనం చేసుకోబోయేది ఆయిల్ పోసిన U ఆకారపు ట్యూబు; దాని రెండు కొసలనూ రెండు సిలిండర్ల పీల్పు ఒకేసారి లాగుతుంది కాబట్టి ఆ బెడద లేదు. ఇది పీల్పు ఎంతో చెప్పదు, త్రాసు తట్టల్లా ఏ వైపు ఎక్కువో మాత్రమే చెబుతుంది. మనకు కావలసిందీ అంతే.

కావలసినవి

లోపలి వ్యాసం 5–6 మి.మీ. ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు 5 మీటర్లు, 1.2 మీటర్ల చెక్క పలక, కొంచెం టూ స్ట్రోక్ ఆయిల్, గట్టి మూతలున్న రెండు చిన్న గాజు సీసాలు, అక్వేరియం గాలి ట్యూబుకు వాడే బుల్లి వాల్వులు రెండు, కొన్ని క్లిప్పులు. ఇంజిన్ వాక్యూమ్ రంధ్రాలకు (పీల్పు చూడడానికి ఉండే, మర బిగించిన చిన్న రంధ్రాలు) సరిపోయే స్క్రూ అడాప్టర్లు కూడా కావాలి. చాలా బళ్లలో అవి 5 లేదా 6 మి.మీ. ఉంటాయి.

ఆయిల్ బదులు నీళ్లు పోయకండి. పొరపాటున ఇంజిన్‌లోకి వెళ్తే టూ స్ట్రోక్ ఆయిల్ పొగ వదిలి కాలిపోతుంది, నీళ్లు కాలవు. పాదరసం జోలికి అసలు వెళ్లొద్దు, దాని ఆవిరి విషం. పైగా ఆయిల్ చాలా తేలిక. పాదరసంలో 1 సెం.మీ. కనిపించే తేడా ఆయిల్‌లో సుమారు 15 సెం.మీ. కనిపిస్తుంది.

తయారీ

ట్యూబును పలక మీద U ఆకారంలో వంచి క్లిప్పులతో బిగించండి. అడుగున వంపు నలగకూడదు. సిరంజితో ఆయిల్ ఎక్కించండి. రెండు కాళ్లూ సగం వరకు నిండితే చాలు, మొత్తం సుమారు 30 మి.లీ. పడుతుంది. పలకను నిలబెట్టి రాత్రంతా వదిలేస్తే గాలి బుడగలు పోతాయి.

ఇప్పుడు సీసాలు. చాలామంది వీటిని వదిలేస్తారు కానీ, ఈ పరికరంలో నేను ఎప్పటికీ తీసేయనివి ఇవే. ఒక గొట్టం ఊడిందంటే రెండో వైపు పీల్పు మొత్తం ఆయిల్‌ను క్షణంలో లాగేస్తుంది. ఐడిల్‌లో ఉండే వాక్యూమ్ ఆయిల్‌ను రెండు మూడు మీటర్ల ఎత్తుకైనా ఎక్కించగలదు. ఒక్కో సీసా మూతకు రెండు రంధ్రాలు చేసి, ఒకదానికి U కాలు, రెండోదానికి ఇంజిన్ వైపు ట్యూబు బిగించండి. ఇంజిన్ ట్యూబు కొస మూత దగ్గరే ఆగాలి, U వైపుది ఇంకాస్త కిందికి దిగాలి. అప్పుడు వచ్చిన ఆయిల్ సీసాలోనే పడిపోతుంది. పలుచని ప్లాస్టిక్ సీసా వాక్యూమ్‌కు నలిగిపోతుంది, గాజుదే వాడండి. ఇంజిన్ వైపు ట్యూబుల మధ్యలో వాల్వులు పెట్టండి. ఇవి లేకపోతే పిస్టన్ కొట్టే ప్రతి దెబ్బకూ ఆయిల్ ఎగురుతుంది.

వాడడం

ముందు ట్యాపెట్లు (ఇంజిన్ వాల్వుల సందు) సెట్ అయి ఉండాలి, కార్బురేటర్లను ఇంజిన్‌కు కలిపే ఇన్‌టేక్ రబ్బర్లలో లీకు ఉండకూడదు. థ్రాటిళ్ల తేడా కంటికే కనిపిస్తుంటే మొదట కంటి అంచనాతోనే దగ్గరికి తెచ్చుకోండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆరుబయట పని చేయండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. గాలితో చల్లబడే ఇంజిన్ అయితే దాని ఎదురుగా ఫ్యాన్ పెట్టండి.

ట్యూబుల్లోని బుల్లి వాల్వులు దాదాపు మూసి ఇంజిన్ స్టార్ట్ చేసి, రెండింటినీ మెల్లగా ఒకేలా తెరవండి. ఆయిల్ ఎటు పైకి ఎక్కితే అటు పీల్పు ఎక్కువ, అంటే ఆ థ్రాటిల్ ఎక్కువ మూసుకుని ఉంది. రెండు కార్బురేటర్ల మధ్య ఉన్న సింక్ స్క్రూను (థ్రాటిళ్లను సమం చేసేది) పావు చుట్టు కంటే తక్కువే తిప్పండి. యాక్సిలరేటర్ ఒకసారి ఇచ్చి వదిలి, ఆయిల్ స్థిరపడ్డాక మళ్లీ చూడండి. తేడా 2–3 సెం.మీ.కు తగ్గితే చాలు, అంతకన్నా వెంటపడడం వృథా. తర్వాత ఐడిల్ పెరిగి ఉంటే తగ్గించండి.

ఒక్కో కార్బురేటర్‌కు వేరే కేబుల్ ఉంటే ఐడిల్ స్క్రూలతో ముందు ఐడిల్, ఆపైన కొంచెం థ్రాటిల్ తెరిచి కేబుళ్లు సరిచేయాలి. నాలుగు కార్బురేటర్లున్న బండిలో సాధారణంగా ముందు 1, 2 నంబర్లను, తర్వాత 3, 4 నంబర్లను చూసి, చివర్లో రెండు జతలనూ కలపాలి.

రీడింగ్ మీద అనుమానముంటే ఇంజిన్ దగ్గర ట్యూబులను అటూ ఇటూ మార్చండి. తేడా అదే కార్బురేటర్‌తో పాటు వెళ్తే పరికరం నిజమే చెబుతోంది. ట్యూబుతో పాటే ఉండిపోతే ఎక్కడో లీకుందని అర్థం.

పని అయ్యాక వాక్యూమ్ రంధ్రాల మరలు వాషర్లతో సహా బిగించండి. ఒక్కటి వదిలేసినా అక్కడి నుంచి గాలి చొరబడి, ఇంతసేపు పడ్డ శ్రమంతా పోతుంది.