నేపుల్స్‌లో షిప్ ఆగే ఒక్క రోజు: ఏం చూడాలి, టైమ్‌కి ఎలా తిరిగి రావాలి

మధ్యధరా క్రూజ్ బుక్ చేసుకున్న మనవాళ్ళు, హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళైనా అమెరికాలో ఉండి అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళైనా, ఇటలీలోని నేపుల్స్ దగ్గరికొచ్చేసరికి అడిగేది ఒకటే. షిప్ పొద్దున ఏడింటికి ఆగి సాయంత్రం ఆరింటికో ఏడింటికో వెళ్ళిపోతుంది కదా, ఈలోగా అగ్నిపర్వతం బూడిదలో కప్పబడిన పాత రోమన్ ఊరు పాంపీ, కాప్రి దీవి, ఊళ్ళో పిజ్జా మూడూ అవుతాయా అని. అవ్వవు. ఒక్కటి ఎంచుకోండి, మిగిలిన టైమ్‌లో పిజ్జా ఎలాగూ కుదురుతుంది. మూడూ పెట్టుకున్నవాళ్ళు రోజంతా టికెట్ క్యూల్లోనే ఉంటారు.

లెక్క వెనక నుంచి వేసుకోవాలి. ఆరింటికి బయల్దేరే షిప్ అంటే ఐదింటికో ఐదున్నరకో అందరూ లోపల ఉండాలి, ఆ టైమ్ ముందురోజు రాత్రి గదికి వచ్చే కాగితంలోనూ దిగే మెట్ల దగ్గర బోర్డు మీదా రాసి ఉంటుంది. ఏడింటికి ఆగినా అందరినీ దింపడం మొదలయ్యేసరికి ఏడున్నర, ఎనిమిది. తిరుగు ప్రయాణానికి రెండు గంటలు పక్కన పెట్టేయండి, ఆ రెండు గంటల్ని దేనికీ వాడొద్దు. ఇంకో సంగతి, షిప్ టైమ్ వేరు, ఊరి టైమ్ వేరు కావచ్చు. గ్రీస్ నుంచి వచ్చే షిప్పుల విషయంలో ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, గ్రీస్ గడియారం ఇటలీ కన్నా గంట ముందుంటుంది, ఫోన్ దానంతటదే మారిపోతుంది, షిప్ వాళ్ళు మార్చొచ్చు, మార్చకపోవచ్చు. దిగేటప్పుడు అక్కడున్న గడియారాన్ని ఒక్కసారి ఫోన్‌తో పోల్చి చూసుకోండి.

వీసా సంగతి క్లుప్తంగా: ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి షెంజెన్ వీసా కావాలి, మీ రూట్‌లో షెంజెన్ బయట ఉన్న టర్కీయో మాంటెనెగ్రోనో తగిలి మళ్ళీ ఇటలీ, గ్రీస్ వైపు వస్తుంటే సింగిల్ ఎంట్రీ సరిపోదు, మల్టిపుల్ ఎంట్రీ అడగాలి. బుకింగ్ ఏజెంట్ చెప్తాడులే అనుకోకుండా రూట్ మ్యాప్ ముందేసుకుని మీరే చూసుకోండి.

నేపుల్స్‌లో ఉన్న పెద్ద సుఖం ఏమిటంటే షిప్ ఊరి నడిబొడ్డున ఆగుతుంది. రోమ్ చూపిస్తామని చెప్పి చివితవెక్కియాలో దింపితే అక్కడి నుంచి రోమ్‌కి గంటకు పైనే ప్రయాణం, ఇక్కడ అలా కాదు. టెర్మినల్ బయటికి రాగానే ఎదురుగా మాస్కియో ఆంజోయినో కోట, పెద్ద పెద్ద గుండ్రటి బురుజులతో, దాని పక్కనే మునిచిపియో మెట్రో స్టేషన్. టెర్మినల్ గుమ్మం దగ్గరే టాక్సీవాళ్ళు, టూర్‌వాళ్ళు చుట్టుముడతారు, "పాంపీ, వెసూవియస్, సోరెంతో, గుడ్ ప్రైస్" అంటూ. ఆగకుండా నడిచిపొండి. టాక్సీయే కావాలనుకుంటే మీటరున్న తెల్ల టాక్సీ ఎక్కండి, కొన్ని రూట్లకి నగరపాలిక నిర్ణయించిన ఫిక్స్‌డ్ ధరలుంటాయి, కానీ బండి కదలకముందే "ఫిక్స్‌డ్ రేట్" అని అడగాలి, కదిలాక అడిగితే మీటరే.

ఇక రోడ్డు దాటడం. నేపుల్స్‌లో స్కూటర్లు జీబ్రా గీతల్ని చూసి ఆగవు, మనుషుల్ని చూసి పక్కకి తప్పుకుంటాయి. కోఠిలో రోడ్డు దాటిన అనుభవం ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఒకే వేగంతో నడవాలి, మధ్యలో ఆగకూడదు, వెనక్కి అసలు తిరగకూడదు. అమెరికాలో పెరిగిన పిల్లల చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకోండి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా సలహా పాంపీయే. షిప్ వాళ్ళ టూర్ ధరతో పోలిస్తే సొంతంగా వెళ్తే అయ్యేది చాలా తక్కువ, దారి కూడా కష్టం కాదు. మునిచిపియోలో మెట్రో లైన్ 1 ఎక్కి మూడో స్టేషన్ గరిబాల్దిలో దిగండి. అక్కడే పెద్ద రైల్వే స్టేషన్, దాని కింది అంతస్తులో చిర్కుంవెసువియానా అనే లోకల్ రైలు. సోరెంతో వెళ్ళే బండి ఎక్కాలి, పాంపీ స్కావి–విల్లా దేయి మిస్తెరి అనే స్టేషన్‌లో దిగాలి, సుమారు నలభై నిమిషాలు. పాంపీ అనే పేరు ఇంకో లైన్ మీద కూడా కనిపిస్తుంది, అది చర్చి ఉన్న కొత్త ఊరి వైపు దింపుతుంది, అందుకే బోర్డు మీద సోరెంతో అని ఉంటేనే ఎక్కండి. వెళ్ళేటప్పుడే తిరుగు టికెట్ కూడా కొనేసుకోండి, సాయంత్రం పాంపీ స్టేషన్‌లో చిన్న కిటికీ ముందు పెద్ద క్యూ ఉంటుంది.

ఈ రైలు గురించి ముందే చెప్పాలి. పాత పెట్టెలు, పైనంతా రంగుల రాతలు, చాలా బళ్ళలో ఏసీ ఉండదు, వేసవి పొద్దున ఎనిమిదిన్నరకే నిలబడటానికి చోటుండదు. సీటు కావాలంటే గరిబాల్దిలో కాకుండా దాని ముందు స్టేషన్ పోర్తా నోలానాలో ఎక్కండి, బండి బయల్దేరేది అక్కడి నుంచే, గరిబాల్ది నుంచి కాస్త నడిస్తే వస్తుంది. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఈ నడక నడవడమే మేలు. జేబుదొంగలు కూడా ఈ రైల్లోనే ఎక్కువ, తలుపు మూసుకునే ముందు తోసుకొచ్చే గుంపుని గమనించండి, బ్యాగ్ ముందుకి వేసుకోండి, ఫోన్ వెనక జేబులో వద్దు. బంగారం గొలుసులు, గాజులు షిప్‌లో లాకర్‌లో పెట్టి దిగండి, అత్తయ్యలు, పిన్నులు ఎంత బతిమాలినా సరే.

ఇటలీలో రైళ్ళ సమ్మెలు తరచుగా ఉంటాయి, కానీ ముందుగానే ప్రకటిస్తారు. ముందురోజు రాత్రి "షోపెరో" (ఇటాలియన్‌లో సమ్మె) అనే మాటతో తేదీ కలిపి వెతకండి. చిర్కుంవెసువియానా సమ్మెలో ఉన్నా ఇటలీ ప్రభుత్వ రైల్వే త్రెనితాలియా ప్రాంతీయ రైళ్ళు నడుస్తుండొచ్చు, అవీ లేకపోతే ఆ రోజుకి పాంపీ మానేసి ఊళ్ళోనే ఉండండి. సమ్మె రోజున టాక్సీలో వెళ్ళి తిరిగి రావడానికి ట్రాఫిక్‌లో టెన్షన్ పడటం అనవసరం.

పాంపీ టికెట్ ఇంట్లోనే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. 2024 నవంబర్ నుంచి రోజుకి 20,000 మందినే లోపలికి వదులుతున్నారు, టికెట్ మీద పేరు ఉంటుంది, గుర్తింపు కార్డు చూపించాలి. కొన్ని షిప్పుల్లో పాస్‌పోర్ట్‌లు వాళ్ళే తీసి పెట్టుకుంటారు కాబట్టి దిగే ముందురోజే రిసెప్షన్‌లో అడిగి చూపించడానికి ఏదో ఒక గుర్తింపు చేతిలో ఉంచుకోండి. స్టేషన్ బయటికి రాగానే "టికెట్ ఆఫీస్ ఇదే" అంటూ మెడలో కార్డులు వేసుకున్నవాళ్ళు పిలుస్తారు, వాళ్ళు ప్రైవేటు టూర్లవాళ్ళు. అసలు గేటు పోర్తా మరీనా అక్కడికి రెండు మూడు నిమిషాల నడకే.

లోపల 66 హెక్టార్ల ఊరు, సామాన్య శకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కప్పబడిపోయింది. అంతా చూడాలనుకోకండి, మూడు గంటలు చాలు. ఫోరమ్ అనే ఊరి నడిమి కూడలి, స్నానశాలలు, అబ్బొందాంత్సా వీధి, చివర్లో విల్లా దేయి మిస్తెరి అనే భవనంలోని ఎర్రటి గోడచిత్రాలు. వీధుల్లో పరిచినవి పెద్ద పెద్ద లావా రాళ్ళు, ఎత్తుపల్లాలతో ఉంటాయి, బళ్ళ చక్రాలు అరగదీసిన గాళ్ళు లోతుగా కనిపిస్తాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి చెప్పులతో నడక చాలా కష్టం. బూట్లు తప్పనిసరి. నీడ దాదాపు ఉండదు, టోపీ పెట్టుకోండి, నీళ్ళు కొననక్కర్లేదు, మధ్యమధ్యలో తాగే నీటి కుళాయిలున్నాయి, ఖాళీ సీసా తీసుకెళ్ళండి. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. వీల్‌చైర్ ఉన్నవాళ్ళకి పియాత్సా ఆన్ఫితియాత్రో గేటు నుంచి చదునైన దారి వేశారు, అది వేరే గేటు, టికెట్ కొనేముందే చూసుకోండి.

చిన్నపిల్లలున్నవాళ్ళు పాంపీతో పాటే వెసూవియస్ కప్పేసిన ఇంకో పాత ఊరు ఎర్కొలానోకి (హెర్క్యులేనియం) వెళ్తే ఇంకా హాయి. అదే రైలు, సగం దూరం, స్టేషన్ నుంచి సముద్రం వైపు పది నిమిషాలు పల్లంలో నడక. చిన్న ఊరు, రెండు గంటల్లో అయిపోతుంది, కాలిపోయిన చెక్క తలుపులు, పై అంతస్తులు కూడా మిగిలున్నాయి.

కాప్రి గురించి నా అభిప్రాయం: షిప్ రోజున వద్దు. మోలో బెవెరెల్లో నుంచి స్పీడ్ బోటులో యాభై నిమిషాలే, రేవు కూడా మీ షిప్ పక్కనే, కానీ సముద్రం అలజడిగా ఉంటే బోట్లు రద్దవుతాయి, దీవిలో ఇరుక్కుంటే వేరే దారి లేదు.

ఎండలో తిరగలేని పెద్దవాళ్ళుంటే, లేదా టూర్ల హడావిడి మీకే ఇష్టం లేకపోతే, పురావస్తు మ్యూజియానికి వెళ్ళండి, మునిచిపియో నుంచి మెట్రోలో ఈసారి రెండో వైపు మూడో స్టేషన్, పేరే మూజేయో. మంగళవారం సెలవు. పాంపీలో దొరికిన మంచి మొజాయిక్‌లు, గోడచిత్రాలు, కంచు బొమ్మలు ఇక్కడే ఉన్నాయి. మనం తప్పక చూడాల్సింది ఇంకొకటుంది. 1938లో పాంపీలో ఒక ఇంట్లో దంతంతో చెక్కిన భారతీయ స్త్రీ బొమ్మ దొరికింది, జానెడు కన్నా కాస్త ఎత్తు. మెడలో హారాలు, మణికట్టు నుంచి పైదాకా గాజులు, కాళ్ళకి బరువైన కడియాలు, రెండు పక్కలా ఇద్దరు చిన్న చెలికత్తెలు. మొదట లక్ష్మి అన్నారు, ఇప్పుడు యక్షి అనేవాళ్ళే ఎక్కువ. ఇలాంటి బొమ్మలే మహారాష్ట్రలో భోకర్దన్, తేర్ దగ్గర దొరికాయి, అవి శాతవాహనుల ఏలుబడిలోని వర్తక పట్టణాలు. కోటిలింగాల, అమరావతి పేర్లు విని పెరిగినవాళ్ళకి ఆ అద్దాల పెట్టె ముందు నిలబడితే కలిగే ఆనందం వేరు. బొమ్మని "సీక్రెట్ క్యాబినెట్" అనే గదుల్లో పెట్టారు, అక్కడ పాంపీ శృంగార చిత్రాలూ ఉంటాయి, పిల్లల్ని తీసుకెళ్ళేముందు అది తెలిసుండాలి. ఆ గదులు తెరిచి ఉన్నాయో లేదో టికెట్ దగ్గరే అడగండి.

తిండి. శాకాహారులకి నేపుల్స్ మంచి ఊరే, మర్గెరీతా పిజ్జా ప్రతి వీధిలో ఉంటుంది, చీజ్ వద్దనుకుంటే మరినారా, అందులో టమాటా, వెల్లుల్లి, ఒరెగానో అంతే. త్రిబునాలి వీధిలో పేరున్న చోట గంట క్యూ ఉంటే పక్క సందులో తినేయండి, రుచికి లోటుండదు. జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. వేయించిన పిజ్జాలో చాలాచోట్ల పంది మాంసం ముక్కలు వేస్తారు, కరకరలాడే తరల్లి, పొరలు పొరలుగా ఉండే స్ఫోల్యతెల్లా రెండూ సంప్రదాయంగా పంది కొవ్వుతో చేసేవి. చూడ్డానికి మన జంతికలా, కాజాలా అనిపించి చెయ్యి వెళ్ళిపోతుంది, అందుకే "సెంత్సా స్త్రుత్తో?" అని అడిగి కొనండి, పంది కొవ్వు లేదు కదా అని అర్థం. కాఫీ నిలబడి తాగితే చవక, కూర్చుంటే ధర మారుతుంది, చాలాచోట్ల ముందు డబ్బు కట్టి రసీదు చూపించాలి.

దిగేటప్పుడు షిప్ కార్డుతో పాటు ఆ రోజు కాగితాన్ని ఫోటో తీసుకోండి, అందులో పోర్ట్ ఏజెంట్ (రేవులో షిప్ తరఫున పనులు చూసే మనిషి) నంబర్ ఉంటుంది. ఆలస్యమయ్యేలా ఉంటే ముందు ఆ నంబర్‌కే ఫోన్ చెయ్యాలి. షిప్ వాళ్ళ సొంత టూర్ ఆలస్యమైతే వాళ్ళే ఏర్పాటు చూస్తారు, మనంతట మనం వెళ్ళి ఆలస్యమైతే షిప్ ఆగదు, తర్వాతి ఊరికి మన ఖర్చుతోనే చేరాలి. రోజూ వేసుకునే మందులు ఒక రోజుకి సరిపడా బ్యాగులో ఉంచుకోండి. ఇక లిమోంచెల్లో అనే నిమ్మ మద్యం సీసా కొంటే ఎక్కేటప్పుడు స్కానింగ్ దగ్గర సాధారణంగా తీసి పెట్టుకుంటారు, ఇచ్చిన చీటీ దాచుకుంటే చివరి రోజు తిరిగి ఇస్తారు.