చక్రం నేలకు ఆనదు, రంగు తెల్లబడుతుంది: డ్రాగన్ వ్యాగన్ కిట్ చిక్కులు, పరిష్కారాలు

రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న షెర్మన్ ట్యాంకుల్ని ఎక్కించుకుని రావడానికి అమెరికా సైన్యం వాడిన బండి ఇది. ముందు ఎం26 ట్రాక్టర్, వెనక ఎం15 ట్రైలర్. మొత్తానికి డ్రాగన్ వ్యాగన్ అనే పేరు స్థిరపడింది. దీని ప్లాస్టిక్ మోడల్ కిట్‌ని 1/35 స్కేల్‌లో, అంటే అసలు బండిలో ముప్పై అయిదో వంతు సైజులో కడితే అర మీటరు దాటుతుంది. ఇంత పొడుగు మోడల్‌లో వచ్చే చిక్కుల్లో సగం చాసిస్ దగ్గర మొదలవుతాయి. మిగతా సగానికి మన బెజవాడ ఎండ, ఉక్కపోత కారణం. కిట్‌ని తిట్టుకునే ముందు ఈ రెండూ చూసుకోండి.

ఒక చక్రం గాల్లో ఉంటోంది

ఇది అందరికీ వచ్చేదే, టెన్షన్ పడక్కర్లేదు. అయితే కారణం తెలుసుకోకుండా చక్రం పీకొద్దు. అద్దాల షాపులో మందమైన అద్దం ముక్క ఒకటి కోయించి తెచ్చుకోండి. చెక్క బల్ల మీద చూస్తే లాభం లేదు, బల్లే వంకరగా ఉండొచ్చు. బండిని అద్దం మీద పెట్టి సన్నటి కాగితం ముక్కను ఒక్కో టైరు కిందకూ తోయండి. కాగితం ఒకే యాక్సిల్‌కి ఒక పక్కనే దూరుతుంటే ఆ యాక్సిల్ వంకరగా అంటుకుంది. ఎదురెదురు మూలల్లో దూరుతూ, వేలితో నొక్కితే బండి ఊగుతుంటే చాసిస్సే మెలి తిరిగింది.

యాక్సిల్ వంకరకి మందు తేలికే. అతుకు దగ్గర సన్న రంపంతో కోసి, టైర్లన్నీ అద్దం మీద ఆనేలా పెట్టి, మళ్లీ అంటించి ఒక రోజంతా కదపకుండా వదిలేయండి. ప్లాస్టిక్ సిమెంట్ అతుకుని కరిగించి కలుపుతుంది. పైకి ఆరినట్టే ఉన్నా లోపల గంటల తరబడి మెత్తగానే ఉంటుంది. ఆ మెత్తదనం ఉండగానే బండిని పక్కకి తిప్పి పెడితే యాక్సిల్ కాస్త జారుతుంది.

చాసిస్ మెలి తిరిగితే మాత్రం అడ్డ పట్టీల అతుకులు విప్పాల్సిందే. వేడినీళ్లలో ముంచి సరిచేయమని కొందరు చెబుతారు. అది రెజిన్ (అచ్చులో పోసి చేసే మరో రకం ప్లాస్టిక్) ముక్కలకి బాగా పనిచేస్తుంది. పాలిస్టైరిన్, అంటే కిట్ ముక్కల ప్లాస్టిక్, మెత్తబడాలంటే నీళ్లు మరిగే వేడి దగ్గరికి రావాలి, అప్పుడు ఏ ముక్క ఎటు వంగుతుందో మన చేతిలో ఉండదు. అడ్డ పట్టీలు ఒకటి విడిచి ఒకటి కోసి, పొడవు పట్టీలు రెండింటినీ అద్దం మీద బరువు పెట్టి నిలిపి, మూలమట్టం ఆనించి మళ్లీ అతికించడం నయం.

ఇక తేడా అర మిల్లీమీటరు లోపే ఉంటే ఏమీ విప్పొద్దు. నిజం బండి టైరు కూడా బరువుకి కింద కొంచెం అణుగుతుంది. ఆనుతున్న టైర్ల అడుగుని వాటర్ పేపర్ మీద కాస్త రుద్దితే మిగతావి కిందకి దిగుతాయి. ఇది ప్లాస్టిక్, రెజిన్ టైర్లకే. రబ్బరులా మెత్తగా ఉండే వినైల్ టైర్లు రుద్దితే పోగులు లేస్తాయి.

చాసిస్ కింద ఏది ఎక్కడ ఉంటుందో అర్థం కాకపోతే ఆటోనగర్‌లో బాడీ కట్టని లారీ చాసిస్ ఒకటి చూసి రండి. ముందు కమాన్ పట్టీలు, వాటి బోల్టులు, గ్రీజు మరక ఎంతవరకు పాకుతుందో కళ్లారా కనిపిస్తాయి. వెనక వైపుకి మాత్రం ఆ లారీని నమ్మొద్దు. ఎం26 వెనక చక్రాలు గొలుసులతో తిరుగుతాయి. గొలుసు వేలాడుతుంటే పళ్ల చక్రాల మధ్య దూరం తగ్గిందని, అంటే వెనక యాక్సిల్ ముందుకి జారి అంటుకుందని లెక్క. గొలుసుని లాగి అంటించడం కాదు, యాక్సిల్‌ని సరిచేయాలి.

రంగు మీద తెల్లటి మసక

ఆలివ్ గ్రీన్ కొట్టారు, ఆరాక బూడిద పూసినట్టుంది. వానాకాలంలో లాకర్ రంగు (ఘాటు థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రంగు) కొడితే జరిగేది ఇదే. థిన్నర్ గబగబా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఆ చల్లదనానికి నీరై రంగులో చిక్కుకుంటుంది. పొడిగా ఉన్న రోజు చూసి, రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపిన థిన్నర్‌ని పలచగా తుంపర కొడితే రంగు మెత్తబడి తేమ బయటికి పోతుంది. చాలాసార్లు మసక దానంతటదే తొలగుతుంది. మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ తెల్లబడినా ఖంగారు వద్దు. పైన గ్లాస్ (మెరిసే) వార్నిష్ కొట్టండి, రంగు మళ్లీ తేలుతుంది. ఆ తర్వాత మ్యాట్ వేయడానికి మంచి రోజు కోసం ఆగండి. ఏసీ ఉంటే ముందు ఒక గంట నడిపితే గదిలో తేమ తగ్గుతుంది. రంగు కొట్టేటప్పుడు మాత్రం కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, మాస్క్ పెట్టుకోవాల్సిందే. మూసిన గదిలో లాకర్ వద్దు, దగ్గర్లో మంట అసలే వద్దు.

మసక కాకుండా నీటి బొట్లే పడుతున్నాయా? అది ఎయిర్‌బ్రష్‌కి (రంగు తుంపర కొట్టే చిన్న గన్) గాలి అందించే కంప్రెసర్ పని. కంప్రెసర్ నుంచి వేడిగా బయలుదేరిన గాలి పైపులో చల్లారాక నీరు విడుస్తుంది. కంప్రెసర్‌కే ఆనుకుని ఉన్న ట్రాప్‌ని (గాలిలో నీటిని పట్టే గిన్నె) దాటాక ఆ నీరు పుడితే ఇక ఆపేదెవరు? ఎయిర్‌బ్రష్ పిడి దగ్గర రెండో ట్రాప్ పెట్టండి. ట్యాంకు ఉన్న కంప్రెసర్ అయితే పని అయ్యాక అడుగు వాల్వ్ తిప్పి నీళ్లు వదలండి.

రంగు ఇసుక చల్లినట్టు గరగరలాడుతోంది

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆక్రిలిక్ రంగు చుక్క ఎంత? నాజిల్ నుంచి బండి చేరేలోపే ఆరిపోయి పొడిగా పడుతుంది. దగ్గరగా, ఎనిమిది పది సెంటీమీటర్ల నుంచి, ప్రెషర్ తగ్గించి, రిటార్డర్ కలిపి కొట్టండి. సూది కొసని తడి దూదితో తరచూ తుడవండి. మే నెలలో ఆక్రిలిక్‌కి తెల్లవారుజాము మేలు. అదే లాకర్‌కి తెల్లవారుజాము తేమే శత్రువు, పొద్దెక్కాక కొట్టుకోండి. పడిన గరుకుని 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి మెల్లగా తీయండి.

ప్లాస్టిక్ ముడతలు పడింది

హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ చవక, అందుకే చేయి అటు పోతుంది. అది పాలిస్టైరిన్‌ని తినేస్తుంది. ఎయిర్‌బ్రష్ కడగడానికి భేషుగ్గా పనికొస్తుంది, రంగులో మాత్రం కలపొద్దు. ముడతలు పడిన చోట పూర్తిగా ఆరాక పుట్టీ, వాటర్ పేపర్, ప్రైమర్, మళ్లీ మొదటి నుంచి. అడ్డదారి లేదు.

టైరు తగిలిన చోట రిమ్ కరుగుతోంది

మోడల్ పూర్తయిన చాలా రోజులకి బయటపడే జబ్బు ఇది. వినైల్‌ని మెత్తగా ఉంచే రసాయనం మెల్లగా బయటికి ఊరి, తగిలిన పాలిస్టైరిన్‌ని మెత్తబరుస్తుంది. వేడిలో ఇంకా జోరుగా. రేకుల కప్పు గదిలో షోకేసు పెట్టుకున్నవాళ్లు ముందుగా చూస్తారు. టైరు తొడిగే ముందే రిమ్‌కి ప్రైమర్, రంగు, వార్నిష్ పూర్తిగా వేస్తే కొంత అడ్డు. పలచటి అల్యూమినియం రేకు చుడితే ఇంకా మంచిది. ఇప్పటికే కరిగి ఉంటే టైరు కోసి తీసి, రిమ్ నునుపు చేసి, రెజిన్ టైర్లకి మారడమే నా సలహా. ఖర్చే, కానీ పద్దెనిమిది టైర్ల బండి ఇది, రోజుకొక రిమ్ బాగుచేస్తూ కూర్చోలేం. అన్నట్టు, వినైల్ మీద ఎనామెల్ రంగు ఒక్కోసారి ఎన్ని రోజులైనా జిడ్డుగానే ఉంటుంది, ఆక్రిలిక్ వాడండి.

క్యాబ్ అద్దం మసకబారింది, ఇత్తడి ముక్కలు ఊడుతున్నాయి

అద్దం మీది తెల్లదనం సూపర్ గ్లూ ఆవిరి. ఉక్కపోతలో ఎక్కువ. వెనక్కి తీయలేని చోటైతే పలచగా రంగులేని మెరిసే వార్నిష్ పూస్తే చాలావరకు కనపడదు. ఇకముందు అద్దాలకి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు వాడండి, ఆరితే కనిపించదు. ఇత్తడి ముక్కకి అంటించే ముందు వాటర్ పేపర్‌తో రెండు గీతలు పెడితే జిగురుకి పట్టు దొరుకుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, చెమట పట్టినా సరే. ఆ ముక్క ఎగిరి గచ్చు మీద పడితే దొరకదు.

డెకాల్ కింద వెండి మెరుపు

డెకాల్ అంటే నీళ్లలో నానబెట్టి అంటించే బొమ్మ. గరుకు రంగు మీద అంటించడంతో కింద గాలి చిక్కింది. సూదితో పొడిచి, సెట్టింగ్ లిక్విడ్ (డెకాల్‌ని మెత్తబరిచి రంగుకి అతుక్కునేలా చేసే ద్రవం) రెండుసార్లు వేయండి. మరోసారి ముందు గ్లాస్ వార్నిష్ కొట్టి, ఆ పైన అంటించండి. డెకాల్ చుట్టూ తెల్లటి వలయం మిగిలితే అది బోరు నీళ్ల ఉప్పు. తడి దూదితో తుడిచి, డెకాల్ నానబెట్టడానికి బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి.