మాడ్యూళ్లు కలపగానే మొదలయ్యే కీచుమోతకు చిట్కా

సొంతంగా కట్టుకునే రేడియోలో, బల్ల మీద విడివిడిగా చక్కగా పనిచేసిన మాడ్యూళ్లన్నీ (ఒక్కో పని చేసే చిన్న సర్క్యూట్ బోర్డులు) ఒకే 12 వోల్టుల సరఫరాకు కలపగానే హెడ్‌ఫోన్‌లో సన్నటి కీచుమోత వస్తోందా? ఏంటెన్నా తీసేసి వినండి. మోత అలాగే ఉండి, డిస్‌ప్లేలో అంకెలు మారినప్పుడల్లా తీరు మారుతుంటే, అది చాలావరకు మైక్రోకంట్రోలర్ (డిస్‌ప్లేను నడిపే చిన్న కంప్యూటర్ చిప్) నుంచి సరఫరా తీగ మీదుగా వస్తున్నదే.

ఆడియో ప్రీయాంప్లిఫయర్‌కు (బలహీనమైన ఆడియో సిగ్నల్‌ను ముందుగా పెంచే మాడ్యూలు) వెళ్లే 12 వోల్టుల తీగను తెంచి, మధ్యలో 100 ఓముల రెసిస్టర్ పెట్టండి. రెసిస్టర్ దాటాక, మాడ్యూలు వైపు నుంచి గ్రౌండ్‌కు 470 మైక్రోఫారడ్ల, 25 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ కలపండి. దానికి సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి. ఎలక్ట్రోలిటిక్ ధన కాలు రెసిస్టర్ వైపే ఉండాలి. రెండు కెపాసిటర్లనూ మాడ్యూలుకు ఆనించి అతికించండి. దూరంగా పెడితే మధ్య తీగలోకి మళ్లీ మోత చేరుతుంది.

మైక్రోకంట్రోలర్, ఆడియో మాడ్యూళ్ల గ్రౌండ్ తీగలను గొలుసులా ఒకదాని నుంచి మరొకదానికి లాగకండి. వేటికవి విడిగా తెచ్చి సరఫరా దగ్గర ఒకే చోట కలపండి. నా రేడియోలో సగం మోత ఈ ఒక్క మార్పుతోనే పోయింది, అందుకే ముందు ఇదే చేసి చూడమంటాను.

పైన చెప్పిన 100 ఓముల రెసిస్టర్ తక్కువ కరెంటు తీసుకునే మాడ్యూళ్లకే పనికొస్తుంది. 10 మిల్లీయాంపులకు 1 వోల్టు తగ్గుతుంది, పరవాలేదు. 100 మిల్లీయాంపులైతే 10 వోల్టులు దానిలోనే పోతాయి. కాబట్టి స్పీకర్ యాంప్లిఫయర్‌కూ ట్రాన్స్‌మిటర్ పవర్ యాంప్లిఫయర్‌కూ దీన్ని పెట్టకండి. వాటికి సరఫరా నుంచి నేరుగా వేరే తీగ లాగండి.