ఏసీ మరమ్మతు పాఠాలు – 7: కంప్రెసర్ మూలుగుతుంది, లేవదు

పోయిన పాఠంలో కంప్రెసర్ మూడు టెర్మినళ్ల (రన్, స్టార్ట్ వైండింగుల కొసలు, అవి రెండూ కలిసే కామన్) మధ్య ఓమ్‌లు కొలవమన్నాను. మీరు తీసిన కొలతలు చూశాక ఈ పాఠం మొదలు మార్చుకోవాల్సి వచ్చింది. రెండు పొరపాట్లు చాలామందికి ఎదురయ్యాయి. వాటిని సరిచేయకుండా ముందుకు వెళ్తే బాగున్న కంప్రెసర్లు తుక్కులోకి పోతాయి.

మొదటిది కూడికల తేడా. కామన్–రన్ 1.9, కామన్–స్టార్ట్ 3.4, రన్–స్టార్ట్ 5.0 ఓమ్‌లు వచ్చాయి. మొదటి రెండూ కలిపితే 5.3 కావాలి కదా, వైండింగ్ ఎక్కడో షార్ట్ అయిందా అని కొందరు భయపడ్డారు. వైండింగ్ బాగానే ఉంది. మీటరు వైర్లకే 0.3 ఓమ్ ఉంది, అది ప్రతి కొలతలోనూ చేరుతుంది. మొదటి రెండూ కలిపినప్పుడు రెండుసార్లు చేరింది, మూడోదాంట్లో ఒక్కసారే. ఆ మిగిలిన 0.3 మీటరు వైర్లదే. మీటరు మొనలు రెండూ ఒకదానికొకటి గట్టిగా ఆనించి, కనిపించిన అంకెను మూడు కొలతల్లోంచీ తీసేయండి: 1.6, 3.1, 4.7. ఇప్పుడు లెక్క కుదిరింది. ఇది పోయినసారే చెప్పి ఉండాల్సింది.

రెండోది ఇంతకంటే ఖరీదైన పొరపాటు. "కామన్ నుంచి రన్‌కీ దారి లేదు, స్టార్ట్‌కీ లేదు, వైండింగ్ తెగింది" అని తేల్చేసినవాళ్లు ఒకసారి ఆగండి. రన్–స్టార్ట్ మధ్య ఎంత వచ్చింది? అక్కడ 4.7 వచ్చిందంటే రెండు వైండింగులూ బతికే ఉన్నాయి. తెరుచుకున్నది కామన్ దారిలో ఉన్న ఓవర్‌లోడ్, అంటే బాగా వేడెక్కితే దారి తెంపే రక్షణ స్విచ్. కంప్రెసర్ లేవలేక నాలుగైదుసార్లు ప్రయత్నించి కాలిపోయేంత వేడెక్కితే అది తన పని తాను చేసింది. ఓవర్‌లోడ్ బయట బిళ్లలా ఉంటే కొన్ని నిమిషాల్లో చల్లారి కలుస్తుంది. లోపల వైండింగులో ఇమిడి ఉంటే గంట పట్టవచ్చు, ఎండలో నిలబడ్డ అవుట్‌డోర్ యూనిట్‌కు కొన్ని గంటలు కూడా. పని నేర్చుకునే రోజుల్లో నేను ఇలాగే వేడి మీద కొలిచి, ఒక కంప్రెసర్‌ను తీసి పక్కన పెట్టాను. మర్నాడు పొద్దున దాన్నే కొలిస్తే మూడు అంకెలూ సరిగ్గా వచ్చాయి. అప్పటినుంచి కంప్రెసర్ డోము (పై మూత) మీద చెయ్యి ఆన్చలేనంత వేడి ఉంటే ఓమ్‌లు కొలిచి ఏ నిర్ణయమూ తీసుకోను.

ఇక అసలు పాఠం. మనం మాట్లాడేది సింగిల్ ఫేజ్, రన్ కెపాసిటర్‌తో (స్టార్ట్ వైండింగ్‌తో వరుసలో ఉండేది) నడిచే మామూలు కంప్రెసర్ గురించి. ఇన్వర్టర్ కంప్రెసర్‌కు మూడు వైండింగులూ సమానంగా ఉంటాయి, ఈ కెపాసిటర్ ఉండదు, కాబట్టి కింద చెప్పేదేదీ దానికి వర్తించదు. కంప్రెసర్‌కు పవర్ కలిపే కాంటాక్టర్, థర్మోస్టాట్ చూసేశారనే అనుకుంటున్నాను.

స్విచ్ వేయగానే యూనిట్ ఓ మూలుగు మూలిగి, కొన్ని సెకన్లకు టక్కుమని ఆగుతుంది. లోపల రోటర్ కదలలేదు. కదలని మోటారు నడిచేటప్పటి కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. బాగున్న కంప్రెసర్‌లో ఆ పోటు అర సెకను కూడా ఉండదు, వెంటనే దిగిపోతుంది. దిగకుండా నిలిచిపోయిందంటే రోటర్ ఆగిపోయినట్టే. అది లోపల పట్టేయడం వల్లా, బయటినుంచి అందాల్సింది అందకపోవడం వల్లా? ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నే.

మీటరు తీయకముందు మూడు నిమిషాలు ఆగండి. ఈ రకం మోటారుకు మొదలయ్యేటప్పుడు బలం తక్కువ. ఆపిన వెంటనే మళ్లీ వేస్తే గ్యాస్‌ను బయటికి తోసే వైపు ఒత్తిడి ఇంకా దిగి ఉండదు, దాన్ని తోసుకుని లేవలేదు. అందుకే చాలా యూనిట్ల కంట్రోల్ బోర్డుల్లో మూడు నిమిషాల ఆలస్యం పెడతారు. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు మాత్రమే మూలిగి, ఆగి వేసినప్పుడు చక్కగా లేస్తే, చూడాల్సింది ఆ ఆలస్యం. కంప్రెసర్‌ను వదిలేయండి.

తర్వాత వోల్టేజీ. ఇక్కడే నాకు ఓపిక పోతుంది, కాబట్టి ఎక్కువసేపు చెబుతాను.

"వోల్టేజీ చూశానండీ, 231 ఉంది." ఎప్పుడు చూశారు? కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు. ఆగి ఉన్నప్పుడు చూసిన వోల్టేజీ ఒక్కటే అయితే దేనికీ పనికిరాదు. వదులైన స్క్రూ, కాలిన లగ్గు (తీగ కొసకు వేసే లోహపు తొడుగు), ఒక్క పోగు మీద వేలాడుతున్న న్యూట్రల్, ఇవన్నీ కరెంటు పారనప్పుడు పూర్తి వోల్టేజీ చూపిస్తాయి. వాటి బండారం బయటపడేది కంప్రెసర్ లేవబోయే ఆ అర సెకనులోనే. మీటరును కనిష్ఠం పట్టే మోడ్‌లో పెట్టి, యూనిట్ దగ్గర కంప్రెసర్‌కు వెళ్లే ఫేజ్, న్యూట్రల్ మధ్య క్లిప్పులు తగిలించి, చేతులు తీసేసి, అప్పుడు స్విచ్ వేయించండి. కరెంటు కొలిచే క్లాంప్ మీటరులో ఆ పోటును పట్టే ఇన్‌రష్ మోడ్ ఉండాలి. మామూలు మోడ్‌లో సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుతుంది, పోటు దొరకదు.

నేను కొలిచిన ఒక యూనిట్ లెక్క పూర్తిగా వేసి చూపిస్తాను. ఆగి ఉన్నప్పుడు 231 వోల్టులు. లేవబోయేటప్పుడు 34 ఆంపియర్లు లాగింది, యూనిట్ దగ్గర వోల్టేజీ 198కి పడింది. అదే క్షణంలో ఇంటి మెయిన్ బోర్డు దగ్గర 224. అంటే బోర్డుకు అవతల పోయింది 7 వోల్టులు, అది సరఫరా సంగతి. బోర్డుకూ యూనిట్‌కూ మధ్య పోయింది 26. మధ్యలో ఉన్నది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 15 మీటర్లు. వెళ్లి రావడానికి 30 మీటర్లు. ఆ తీగకు మీటరుకు సుమారు 0.0074 ఓమ్, కాబట్టి మొత్తం 0.22 ఓమ్. 34 ఆంపియర్లకు తీగ తినేది ఏడున్నర వోల్టులు. మరి మిగతా పద్దెనిమిదిన్నర ఎక్కడికి పోయాయి? ఎక్కడో జాయింట్లలో, 0.54 ఓమ్ దగ్గర.

అర ఓమ్ చిన్నదే కదా అనిపిస్తుంది. స్టార్టింగ్ బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 231 ఉండాల్సిన చోట 198 వస్తే, 198ని 231తో భాగించి వర్గం చేయండి: 0.73. నాలుగో వంతుకు పైగా బలం పోయింది. అసలే తక్కువ బలంతో లేచే మోటారు అది. ఇంకోవైపు, అదృష్టం కొద్దీ లేచి 8 ఆంపియర్లతో నడుస్తున్నప్పుడు ఆ జాయింట్ దగ్గర పుట్టే వేడి 8 వర్గం ఇంటూ 0.54, దాదాపు 35 వాట్లు. గంటల తరబడి ఒక స్క్రూ మొన దగ్గర 35 వాట్లు! అందుకే ఆ చోట స్లీవ్ కరిగి, రంగు మారి కనిపిస్తుంది. ఈ యూనిట్‌లో అది పవర్ తెంచే ఐసొలేటర్ స్విచ్ న్యూట్రల్ స్క్రూ కింద దొరికింది. తీగ కొన కోసి, కొత్త లగ్గు వేసి బిగించాక స్టార్టింగులో 216 వచ్చింది. కంప్రెసర్ లేచింది. దాన్ని అప్పటికే మార్చాలని నిర్ణయించేసుకుని ఉన్నారు.

ఈ కొలతలు పవర్ ఉండగా తీసేవి. అందుకని ఒక నియమం, ఇందులో మినహాయింపు లేదు: కంప్రెసర్ టెర్మినల్ మూత తీసి ఉంచి పవర్ ఇవ్వకండి. కాలిపోతున్న కంప్రెసర్‌లో టెర్మినల్ పిన్ ఊడి బయటికి తన్నితే, దాని వెనకే నూనె, గ్యాస్ చిమ్ముతాయి, అంటుకోవచ్చు కూడా. ఆర్-32, ఆర్-290 మండే వాయువులే. కొలతలన్నీ కాంటాక్టర్ దగ్గర, కెపాసిటర్ దగ్గర తీయండి.

కెపాసిటర్ తీసి, రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, వైర్లు విడదీసి కొలవడం మీకు వచ్చు. నాకు ఇష్టమైన పద్ధతి వేరే ఉంది: కంప్రెసర్ నడుస్తుండగానే కొలవడం. కష్టపడైనా లేచే యూనిట్లకు ఇది పనికొస్తుంది. స్టార్ట్ వైండింగ్ వైరు చుట్టూ క్లాంప్ పెట్టి కరెంటు, కెపాసిటర్ రెండు కొసల మధ్య వోల్టేజీ చూడండి. 50 హెర్ట్జ్ సరఫరాలో కరెంటును 3183తో గుణించి వోల్టేజీతో భాగిస్తే మైక్రోఫారడ్లు. 60 హెర్ట్జ్ అయితే 2652. ఉదాహరణకు 3.3 ఆంపియర్లు, 350 వోల్టులు: 30. డబ్బా మీద 35 ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం అని ఉంటే 33.25 కంటే తగ్గకూడదు, కాబట్టి మార్చేయాలి. సరఫరా 230 అయితే 350 ఎలా వచ్చిందని మీటరును అనుమానించకండి. నడిచేటప్పుడు అక్కడ వోల్టేజీ సరఫరా కంటే ఎక్కువే ఉంటుంది. డబ్బా మీద 440 అని రాసేది అందుకే. 35 ఉన్నచోట గట్టిగా లాగుతుందని 50 వేయకండి, స్టార్ట్ వైండింగ్ నడిచినంతసేపూ అదనపు కరెంటు మోసి కాలుతుంది.

వోల్టేజీ నిలిచింది, కెపాసిటర్ బాగుంది, ఓమ్‌లు కుదిరాయి, ఎర్త్‌కు లీకు లేదు, అయినా లేవదు. అప్పుడే హార్డ్ స్టార్ట్ కిట్, అంటే లేచేటప్పుడు మాత్రమే అదనపు బలం అందించే పరికరం. నేను పొటెన్షియల్ రిలే (మోటారు లేవగానే వోల్టేజీని బట్టి కిట్‌ను విడదీసే స్విచ్) ఉన్నదే వాడతాను. రెండు వైర్ల పీటీసీ బిళ్ల (వేడెక్కితే కరెంటును అడ్డేది) రకం ఒకసారి వేడెక్కాక చల్లారేదాకా మళ్లీ సాయం చేయదు, సరిగ్గా అవసరమైనప్పుడే చేతులెత్తేస్తుంది. కిట్‌ను అన్నిటికంటే ముందు వేస్తే ఇందాకటి వదులు స్క్రూ కనబడకుండా పోతుంది, అక్కడ కాలడం మాత్రం ఆగదు. కిట్ వేసినా కదలకపోతే అప్పుడు లోపల పట్టేసిందని అనొచ్చు.

అభ్యాసం. చెడిపోయిన యూనిట్ వద్దు, బాగా నడుస్తున్నది ఒకటి తీసుకోండి. పది నిమిషాల విరామంతో ఐదుసార్లు స్టార్ట్ చేయించి, ప్రతిసారీ ఆగి ఉన్నప్పటి వోల్టేజీ, స్టార్టింగు కనిష్ఠం, పోటు కరెంటు రాయండి. బోర్డు దగ్గరా, యూనిట్ దగ్గరా రెండుచోట్లా. తీగ మందం, పొడవు తెలుసుకుని దాని వంతు వోల్టేజీ తీసేసి, జాయింట్ల వంతు ఎంతో తేల్చండి. తర్వాత మెయిన్ ఆపి, కరెంటు లేదని నిర్ధారించుకుని, మధ్యలో ఉన్న ప్రతి స్క్రూ బిగించి, అవే ఐదు స్టార్టులు మళ్లీ తీయండి. రెండు పట్టికలూ పక్కపక్కన ఉంచుకోండి, వచ్చే పాఠం వాటితోనే మొదలవుతుంది.