కిట్ కారు డోర్ ప్యాడ్: కావాలన్నప్పుడు ఊడొచ్చేలా బిగించడం

నాది కిట్ కారు, అంటే విడిభాగాలు తెచ్చుకుని చేతులతో కట్టుకున్నది. దానికి మొదటిసారి డోర్ ప్యాడ్లు, అంటే తలుపు లోపలివైపు కప్పే పలకలు, పెట్టినప్పుడు పాప్ రివెట్లు (ఒకసారి కొడితే విప్పడానికి రాని మేకులు) కొట్టాను. ఒక్కో తలుపుకి 14. బిగువుగా, చక్కగా కూర్చున్నాయి. నాలుగు నెలలకి డ్రైవర్ వైపు తలుపు లోపలి నుంచి తెరుచుకోవడం మానేసింది. లాచ్‌కి (తలుపు గడియకి) వెళ్లే కడ్డీకి ఉన్న చిన్న క్లిప్పు జారిపోయింది, అంతే. రెండు నిమిషాల పని. కానీ అక్కడిదాకా చెయ్యి పోవాలంటే 14 రివెట్లూ డ్రిల్‌తో కొట్టేయాలి. పదకొండో రివెట్ దగ్గర బిట్ ఒక్కసారిగా లోపలికి దిగి, బయటి ఫైబర్‌గ్లాస్‌ని వెనకనుంచి పొడిచింది. అటు తిరిగి చూస్తే నీలం పెయింట్ మీద రూపాయి బిళ్లంత మేర నక్షత్రంలా చిట్లింది.

అందుకే చెప్తున్నా, డోర్ ప్యాడ్ అనేది మూసేయడానికి కాదు, తెరవడానికి వీలుగా పెట్టాలి. కంపెనీ కారులో లాచ్ ఒకసారి కుదిరితే ఏళ్ల తరబడి ముట్టుకోనక్కర్లేదు. చేతులతో కట్టుకున్న కారులో కీళ్లు, లాచ్, కడ్డీలు అన్నీ మనం కుదిర్చినవే. కొన్ని వందల మైళ్లు తిరిగాక మళ్లీ సర్దాల్సిందే.

నేనుండేది టెక్సస్‌లో. నాది కోబ్రా పోలికలో వచ్చే రోడ్‌స్టర్ (పైకప్పు లేని కారు) కిట్. ఈ టెక్సస్ వాడే అయిన కరోల్ షెల్బీ, 1962లో ఇంగ్లండ్ ఏసీ కంపెనీ బాడీలో ఫోర్డ్ వీ8 ఇంజిన్ పెట్టించి తెచ్చిన కారే ఆ కోబ్రా. నా తలుపుకి లోపల ఇనప ఫ్రేమ్, పైన ఫైబర్‌గ్లాస్. దించే అద్దాలు లేవు కాబట్టి వాన పడితే నీళ్లు నేరుగా లోపలికే. ఇక్కడ చెప్పేవన్నీ ఇలాంటి తలుపుకే.

ముందు చూడాల్సింది మందం. పిల్లలాడుకునే ప్లే డో తీసుకుని తలుపు మూస్తే ఆనే గుమ్మం పట్టీ మీద నాలుగైదు చోట్ల ముద్దలు పెట్టి, తలుపు మెల్లగా మూసి తెరవండి. నలిగిన ముద్ద మందమే మీకున్న సందు. నాకు కీళ్ల వైపు 11 మి.మీ. వచ్చింది, లాచ్ వైపు కింద మూల 6 మాత్రమే. నా ప్యాడ్ 1 మి.మీ. అల్యూమినియం రేకు, దానిమీద 3 మి.మీ. ఫోమ్, పైన 1 మి.మీ. రెగ్జిన్. మొత్తం 5. అంచు దగ్గర రెగ్జిన్ వెనక్కి మడతపడుతుంది గనక అక్కడ ఫోమ్‌ని 10 మి.మీ. లోపలికే ఆపేశాను. హార్డ్‌బోర్డ్ మాత్రం వద్దు. నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఉబ్బాక ఏ క్లిప్పూ నిలవదు.

నమూనా మందపాటి అట్టతో, రెండు తలుపులకీ విడివిడిగా తీయండి. ఒకటి తీసి రెండోదానికి తిప్పి వాడదామని చూశాను, వెనక అంచు 5 మి.మీ. తేడా వచ్చింది. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలకి ప్యాడ్ అడ్డం రాకూడదు.

ఇక బిగింపు. ఫైబర్‌గ్లాస్‌లోకి నేరుగా స్క్రూ ఎక్కిస్తే మొదట్లో బాగానే పట్టుకుంటుంది. మూడోసారో నాలుగోసారో తీసేసరికి రంధ్రం పొడిపొడిగా రాలుతుంది. రివ్‌నట్ (లోపల మర ఉండి, కొడితే ఉబ్బి రంధ్రంలో పట్టుకునే నట్) నేరుగా అందులో కొట్టినా, అది ఉబ్బేటప్పుడు చుట్టూ పగులుతుంది. నేను చేసిందేంటంటే, 2 మి.మీ. అల్యూమినియం యాంగిల్ (ఎల్ ఆకారం పట్టీ) చిన్న ముక్కలుగా కోసి, 7 మి.మీ. రంధ్రం వేసి, ఎం5 (5 మి.మీ. స్క్రూ పట్టే) రివ్‌నట్‌ని బల్ల మీదే అందులో కొట్టేశాను. తలుపుకి అంటించేది ఆ ముక్కని, అదే బ్రాకెట్. డ్రిల్ వాడాల్సిన ప్రతిచోటా బిట్‌కి రబ్బరు గొట్టం ముక్క తొడిగాను, రేకు దాటి లోపలికి పోకుండా.

అంటించడంలో ఒక కిటుకుంది, రెగ్జిన్ వేయకముందే చేయాలి. బ్రాకెట్‌ని ముందు ప్యాడ్‌కే స్క్రూతో బిగించండి, స్క్రూకి గ్రీజు రాసి, మధ్యలో పాలిథిన్ ముక్క పెట్టి. తలుపు మీద ఆ చోటుని 80 నంబర్ ఉప్పుకాగితంతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడవండి. బ్రాకెట్‌కి ఎపాక్సీ రాసి, ప్యాడ్‌ని దాని చోట కూర్చోబెట్టి, టేపు వేసి ఒక రోజు కదపకండి. మర్నాడు స్క్రూ విప్పితే బ్రాకెట్ తలుపుకి ఉండిపోతుంది, రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తాయి.

నా ప్యాడ్‌కి కింది అంచులో మూడు నాలుకల్లాంటి మడతలున్నాయి, అవి ఒక యూ పట్టీలోకి దిగుతాయి. బరువంతా అక్కడే. మధ్యలో కొట్టుకోకుండా త్రీఎం డ్యూయల్ లాక్ ముక్కలు నాలుగు. వెల్క్రోలా రెండు రకాలుండవు, రెండువైపులా ఒకేలాంటి పుట్టగొడుగు తలకాయలు, నొక్కితే టకటకా పట్టుకుంటాయి. మా ఎండలకి యాక్రిలిక్ గమ్ముదే తీసుకోండి, రబ్బరు గమ్ము మెత్తబడి జారుతుంది. అంటించాక మూడు రోజులు లాగొద్దు. నాలుగుకి మించి పెట్టొద్దు కూడా, ఊడదీసేటప్పుడు రేకు వంగిపోతుంది.

పై అంచున రెండు ఎం5 స్క్రూలు బ్రాకెట్లలోకి. ఇంకో రెండు లాగుడు పట్టీవి (తలుపు మూయడానికి పట్టుకుని లాగేది). పట్టీ బోల్టులు ప్యాడ్‌లోంచి దూరి ఇనప ఫ్రేమ్‌కే పోవాలి, మధ్యలో గొట్టం స్పేసర్లతో. తలుపు లాగే బలం రేకు మీద పడితే ఏ బిగింపైనా నెలల్లో వదులవుతుంది.

రెగ్జిన్ పని మా మావయ్య దగ్గర నేర్చుకున్నదే. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు సీట్లు కుట్టాడు. వీడియో కాల్‌లో నా మూల చూసి, "అల్లుడూ, ఆ మడత ఏంటలా లావుగా ఉంది? మూల దగ్గర గుడ్డని దాచకు, కోసెయ్" అన్నాడు. బయటి మూలకి వీ ఆకారంలో కోత, లోపలి వంపుకి గాట్లు. గమ్ము రెండువైపులా రాసి, వేలికి అంటని దాకా ఆగి అప్పుడు కలపాలి. "తొందరపడితే పొంగుద్ది, ఆలస్యమైతే పట్టదు" అన్నాడు. ఆగస్టులో మా గరాజ్‌లో ఆ ఆగడం చాలా తక్కువసేపు, అందుకే తెల్లవారుజామున చేశాను. డ్యూయల్ లాక్ పడే చోట రేకు వెనక గమ్ము మరక ఉండకూడదు.

ఊడదీయడం ఇలా: నాలుగు స్క్రూలు విప్పి, డ్యూయల్ లాక్ ఉన్నచోట్ల ప్లాస్టిక్ బద్దతో మెల్లగా విడదీసి, ప్యాడ్‌ని పైకెత్తాలి. స్క్రూలకి 3 మి.మీ. ఆలెన్ కీ చాలు, అది కారులోనే ఉంటుంది. ఇప్పుడు ప్రతి ప్యాడ్ వెనక మార్కర్‌తో కడ్డీ పొడవు, కీళ్ల కింద ఎన్ని వాషర్లు ఉన్నాయో, ఏ తారీఖున సర్దానో రాసిపెట్టాను. డ్రైవర్ వైపు ప్యాడ్ వెనక ఇప్పటికి మూడు తారీఖులున్నాయి.